ముందు రెండు బోల్టులు

రెండు గంటలకు జిలాన్ బాషాను మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. హత్యాయత్నం కేసు. జీపు కింద రక్షణ ప్లేటు బిగించేటప్పుడు కావాలనే పనికిమాలిన బోల్టులు వేసి, నీటి బోర్లు వేయించే ఆఫీసరు చెన్నకేశవులు ప్రాణం తీయబోయాడని అభియోగం. ఆఫీసరు నిన్న ఉదయం నుంచీ ఆసుపత్రిలో తెలివి లేకుండా పడి ఉన్నాడు. ఆయన ఊపిరి ఆగితే కేసు పేరే మారిపోతుంది. అప్పుడు బాషా మెడకు ఉరితాడు తప్పదు.

డిటెక్టివ్ ఎర్రన్న సైకిలు స్టేషను గోడకు ఆనించి చేతి గడియారం చూసుకున్నాడు. పన్నెండు దాటి అయిదు నిమిషాలు. ఉన్నది రెండు గంటలు కూడా లేదు. యుద్ధంలో మూడేళ్లు బర్మా సరిహద్దున మిలిటరీ మోటారు వర్క్‌షాపులో పనిచేసినవాడు ఎర్రన్న. ఊరికి తిరిగి వచ్చి డిటెక్టివ్ అని బోర్డు కడితే, కోళ్ల దొంగల్ని పట్టిస్తావా అని అడిగినవాళ్లే ఎక్కువ. అయినా బోర్డు దించలేదు. మొండివాడు.

గేటు దగ్గర బాషా తల్లి దాదాబీ రొట్టెల మూట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"వచ్చినావా నాయనా. పొద్దున్నించీ ఈడనే కూసోనుండా. రొట్టెలు లోపలికి పంపీలే. నా కొడుకు చేసినాడా అని మాత్రం నువ్వు అడగొద్దు. అడిగితే నేను ఈడనే పడి సచ్చిపోతా."

"అడగనమ్మా. మూట ఇట్లియ్యి, నేను తీసకపోతా."

లోపల ఇన్‌స్పెక్టర్ సోమయాజులు ఫ్యాను కింద కూర్చుని కోర్టుకు పంపే కాగితాలు దారంతో కుడుతున్నాడు. గోదావరి ఒడ్డు నుంచి బదిలీ మీద వచ్చి ఏడాదయింది. ఈ ఎండా పడలేదు, ఈ ఎర్రన్నా పడలేదు.

"మళ్లీ దాపురించావా? కందకు లేని దురద కత్తిపీటకెందుకయ్యా?"

"దురద కాదు సార్, అనుమానం. బాషాతో మాట్లాడాల. జీపు చూడాల. మీరు దాచిన బోల్టులు చూడాల. గంట చాలు."

"చూసి ఏం చేస్తావు? కేసు అరటిపండు ఒలిచినట్టుంది." సోమయాజులు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మొన్న సాయంత్రం ఆరున్నరకు బాషా ప్లేటు బిగించి జీపు అప్పగించాడు. నిన్న పొద్దున ఆరింటికి ఆఫీసరు తనే నడుపుకుంటూ కదిరి రోడ్డున బయల్దేరాడు. క్వార్టర్స్ కాపలావాడు సాక్షి. ఇరవై రెండు మైళ్ల అవతల జిల్లేడు వంకలో, ఆ ఎండు వాగులో దిగుతుండగా ముందు బోల్టులు రెండూ తెగాయి. ప్లేటు ముందంచు కిందికి జారి నేలలో గుచ్చుకుంది. బండి పల్టీ కొట్టింది. ఏడింటికి కదిరి బస్సు డ్రైవరు చూసి ఆపాడు. అదే సమయానికి శ్రీరంగప్పగారు వ్యానులో అటుగా వస్తూ ఆఫీసర్ని ఎక్కించుకొచ్చి ఆసుపత్రిలో చేర్చారు. మహానుభావుడు."

శ్రీరంగప్ప ఎవరో ఊళ్లో తెలియనివాడు లేడు. బజార్లో దున్నే ఇనుప మడకలు అమ్మే డిపో ఆయనదే. కదిరి దోవలో మూడు వందల ఎకరాల మెట్ట ఉంది. ఎన్నికలప్పుడు ఆయన వ్యాను లేకుండా ఏ పార్టీ ఊరేగింపూ కదలదు.

"మరి ఆఫీసరు తోలు సంచి దొరికిందా సార్?"

"లేదు. వంక ఇసకలో ఎక్కడో పడుంటుంది."

"అందులో బోరు ఎక్కడ వేయాల్నో గుర్తుపెట్టిన పటం ఉండాది. తాలూకా అంతా కలిపి ఈ ఎండాకాలానికి ఒకటే బోరు మిషను. ఆ పటం కోసం ఎంతమంది కాచుకోనుండారో మీకు తెలీదు."

"నాకు తెలిసింది చాలు. అయిదు రోజుల కింద నడిబజార్లో బాషా ఆఫీసరుతో గొడవపడి 'నీ ప్రాణం పోతాది' అన్నాడు. ముగ్గురు విన్నారు. ఒంటిగంటన్నరకు సంకెళ్లు వేస్తాను. అందాకా నీ ముచ్చట తీర్చుకో."

* * *

కటకటాల వెనక జిలాన్ బాషా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ముప్పయ్యేళ్లుంటాయి. చేతుల గ్రీజు రెండు రోజులైనా వదల్లేదు. రొట్టెల మూట అందుకున్నాడు గాని విప్పలేదు.

"బజార్లో ఏమన్నావప్పా? ఉన్నదున్నట్టు చెప్పు," అన్నాడు ఎర్రన్న.

"అన్నా, ఆ సారు బోరు పాయింట్ల కోసం రాళ్లలో గుట్టల్లో జీపు తోల్తాడు. రెండుసార్లు ఇంజను కింద ఆయిలు చాంబరు పగిలిపోయింది. దానికి అడ్డం పావంగుళం ఇనుప ప్లేటు వెయ్యమన్నాడు. సరే అంటి. అయితే బోల్టులు వారం దినాలకు గాని దొరకవంటి. 'బోల్టులదేముందిరా, ఏదో ఒకటి దూర్చి బిగించు' అన్నాడు. నాకు కోపమొచ్చె. పచ్చి ఇనుము బోల్టుతో బిగిస్తే రాయి తగిలిన దినం నీ ప్రాణం పోతాది సారూ, నేను బిగించనంటి. అంతే అన్నా. జాగ్రత్త చెప్తే బెదిరించినానంటాండారు."

"తర్వాత ఏ బోల్టులు వేసినావు?"

ఆ ప్రశ్నతో బాషా మొహం మారిపోయింది. నిన్నటి నుంచీ తిట్టడానికే అందరూ వచ్చారు గాని, పని గురించి అడిగిన మనిషి ఇతనే. కటకటాల దగ్గరికి వచ్చి చేతులూపుతూ చెప్పసాగాడు.

"మిలిటరీ పాత సామాన్ల అంగట్లో వెతికి వెతికి తెచ్చినా. ఆరు. మూడు నూళ్ల లావు, ఒకటిన్నర అంగుళం పొడుగు. తల మీద మూడు గీతలుంటాయి, అది గట్టి ఉక్కని గుర్తు. వెనక నాలుగు బోల్టులూ ప్లేటును మోస్తాయి, అంతే. ముందు రెండే అసలు. దెబ్బంతా వాటి మీదనే పడతాది. తల కిందికి, నట్టు పైకి పెట్టినా. నట్టు కిందికి పెడితే రాళ్లకు మర చెక్కుకపోతాది. నట్టు కింద స్ప్రింగు వాషరు. అన్నీ బిగించినాక నట్టు మీద నించి ఫ్రేము దాకా ఎర్ర రంగుతో ఒక గీత గీసినా. మా ఉస్తాదు నేర్పినాడు. గీత విరిగిందంటే నట్టు తిరిగిందని అర్థం."

"ఆరింటికీ గీసినావా?"

"గీత గీయకుండా నేను బండి బయటికి పంపనన్నా. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్టొద్దు, గీత చాలు," అని ఎర్రన్న చొక్కా విప్పి కొయ్యకు తగిలించాడు. "రొట్టె తిను. వట్టి కడుపుతో కోర్టుకు పోకూడదు."

* * *

జీపు స్టేషను వెనక ఆవరణలో రాళ్ల దిమ్మెల మీద ఎత్తి పెట్టి ఉంది. ముందు చక్రం ఒకటి వంకర తిరిగింది. ఎర్రన్న బనీనుతోనే వీపు మీద పడుకుని కిందికి దూరాడు. నేల నిప్పుల మీద పెట్టిన పెనంలా ఉంది, అయినా పట్టించుకోలేదు. హెడ్ కానిస్టేబుల్ సుంకప్ప పక్కన కూర్చుని టార్చి పట్టుకున్నాడు. సోమయాజులు గొడుగు వేసుకుని నిలబడ్డాడు, ఈ తమాషా ఏమిటో చూద్దామని.

వెనక బోల్టులు నాలుగూ చెక్కుచెదరలేదు. తలల మీద మూడేసి గీతలు. నట్ల మీద ఎర్ర రంగు గీతలు అలాగే ఉన్నాయి, ఒక్కటీ విరగలేదు.

ఎర్రన్న ముందుకు జరిగాడు. ఫ్రేముకు ముందు రెండు రంధ్రాల్లో తెగిన బోల్టు ముక్కలు నట్లతో సహా ఇరుక్కుని ఉన్నాయి. టార్చి దగ్గరికి తెమ్మన్నాడు. ఎర్ర రంగు లేదు. కాసింత మరక కూడా లేదు. స్ప్రింగు వాషరూ లేదు. ఫ్రేము మీద మాత్రం పాత గీత సగం మిగిలి ఉంది, నట్టు ఉండవలసిన చోట ఠక్కున ఆగిపోయింది.

"సుంకప్పా, ఇట్ల చూడు. గీత ఫ్రేము మీద ఉండాది, నట్టు మీద లేదు. ఏమైనట్టు?"

"నట్టు మార్చినారన్నా."

"నోరు మూసుకో సుంకప్పా," అన్నాడు సోమయాజులు గొడుగు కింద నుంచి. "నట్టుకు రంగు పూయడం వాడే మర్చిపోయి ఉండొచ్చు."

ఎర్రన్న వేలాడుతున్న ప్లేటు ముందంచు మీద చెయ్యి పెట్టి తడిమాడు. ముందు రంధ్రాలు గుండ్రంగానే తొలిచారు గాని, అంచుకు నాలుగు పక్కలా నాలుగు మూలలు కోసుకుపోయి ఉన్నాయి. గుండ్రటి కంతలో నలుచదరపుది ఏదో సుత్తితో దిగగొట్టారు. ప్లేటు మధ్యలో పెద్ద సొట్ట. ఆ సొట్ట నిండా తెల్లటి పొడి. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుని ఉమ్మేశాడు.

"సున్నం. వంకలో సున్నం కొట్టిన రాయి యాడిదప్పా?"

"వంకలో యాడుంటాదన్నా. రోడ్డు పక్క ఫర్లాంగు రాళ్లకు కొడతారు సున్నం."

"అవునా. మరి ఫర్లాంగు రాయి గట్టు మీద నించి లేచి రోడ్డు నడుమ కూర్చుందా?"

బయటికి వచ్చి వీపు దులుపుకున్నాడు. "సార్, ఇంక ఆ బోల్టులు చూపించండి."

వంక ఇసకలో దొరికిన రెండు బోల్టు తలలను సోమయాజులు కాగితంలో చుట్టి లక్క ముద్ర కోసం జేబులో పెట్టుకున్నాడు. విసుక్కుంటూ విప్పాడు. పలక లాంటి తల, దాని కింద నలుచదరపు మెడ. మెడ కింద తెగిన చోట ఇనుము సాగి సన్నబడి ఉంది. గట్టి ఉక్కు ఇలా సాగదు. తల మీద గీతల్లేవు.

"బోల్టు బోల్టే కదయ్యా," అన్నాడు సోమయాజులు.

ఎర్రన్న ఒకదాన్ని సుంకప్ప అరచేతిలో పెట్టాడు. "మీది సేద్యగాళ్ల ఇల్లే కదా. ఇదేందో సారుకు చెప్పు."

సుంకప్ప ఇన్‌స్పెక్టర్ వంక భయంభయంగా చూశాడు. "మడక బోల్టు సార్. ఇనుప మడకకు కర్రు బిగిస్తారే, ఆ బోల్టు. మన్ను తగులుకోకుండా తల పలకగా ఉంటాది. నట్టు తిప్పేటప్పుడు బోల్టు తిరక్కుండా మెడ నలుచదరంగా చేస్తారు. చంటి పిల్లోడైనా చెప్తాడు సార్."

"మరి నిన్నట్నుంచీ నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"మీరు అడగలే సార్."

సోమయాజులు మొహం కందగడ్డలా అయింది. నవ్వాపుకోవడానికి ఎర్రన్న జీపు వైపు తిరిగాడు. కాని నవ్వే వేళ కాదది. పన్నెండూ నలభై అయింది. మెకానిక్కు దగ్గర మడక బోల్టు ఉండదు. మడక బోల్టు ఉన్నవాడి దగ్గరికి ఆ జీపు ఎప్పుడు పోయింది?

* * *

ఆ జీపు డ్రైవరు నారాయణ స్టేషను వరండాలోనే బెంచీ మీద ఉన్నాడు. బాషా మీద సాక్ష్యం చెప్పడానికి పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, బుక్కరాయసముద్రంలో కాపురం. తమ్ముళ్లు సేద్యం చేస్తారు. ఎర్రన్న పోయి పక్కనే కూర్చున్నాడు.

"నారాయణా, మొన్న సాయంత్రం ఆరున్నరకు బాషా షెడ్డులో జీపు తీసుకున్నావు. ఆఫీసరు క్వార్టర్సులో ఎప్పుడు పెట్టినావు?"

"ఎనిమిదింటికన్నా."

"షెడ్డు నించి క్వార్టర్సుకు అయిదు నిమిషాలు. తక్కిన గంటన్నర యాడున్నావు?"

నారాయణ తుండుగుడ్డ మెలిపెట్టసాగాడు. "టీ తాగినా."

"గంటన్నర టీ తాగినావా? మంచిది. నిన్న పొద్దున పనికి ఎందుకు రాలే?"

"సారు ప్రయాణం మానుకున్నాడని చెప్పినారన్నా. అందుకని ఇంట్లోనే ఉంటి."

"ఎవరు చెప్పినారు?"

ఎర్రన్న సుంకప్ప దగ్గర తీసుకున్న బోల్టు తలను ప్యాంటు జేబులోంచి తీసి బెంచీ మీద ఇద్దరి నడుమ పెట్టాడు. నారాయణ దాన్ని చూశాడు. తేలు కుట్టినట్టు జరిగిపోయాడు.

"ఇది ఎవరు వేసినారో నేను చెప్తాను, నువ్వు అవునో కాదో చెప్పు. నువ్వే వేసినావు."

"నేను సంపాలని వెయ్యలేదన్నా." నారాయణ చేతులు జోడించాడు. "నా బిడ్డల మీద ఒట్టు. సారుకు మంచి చేద్దామనే వేసినా."

ఇన్‌స్పెక్టర్ బూట్ల చప్పుడు వెనక ఆగింది. ఎర్రన్న చేత్తో సైగ చేశాడు, మాట్లాడవద్దని. వింతేమిటంటే సోమయాజులు మాట్లాడలేదు.

"మంచేందో చెప్పు నారాయణా."

"మీకు తెలీనిదేముందన్నా. మన రాతి చేండ్లలో మడకకు ఎప్పుడూ మెత్త బోల్టే వేస్తాం. రాయి తగిలితే బోల్టు తెగాల, కర్రు మిగలాల. బోల్టు అర్ధణాకు వస్తాది, కర్రు పోతే దున్నేదెట్ల? మొన్న ఆ డిపో ముందర పిల్చి ఆయనన్నాడు. 'ఒరే, ఆ తురకోడు మిలిటరీ బోల్టులు వేసినాడంట కదా. అవి తెగవు. రాయి తగిలితే ప్లేటు వంగి చాంబర్లో దిగతాది, ఫ్రేము చీలతాది. నీ సారు నిన్నే తిడతాడు. ముందు రెండూ మార్చుకో, నేనే ఇస్తా' అన్నాడు. నాకు నిజమే అనిపించె. దుడ్లు కూడా తీసుకోలే. ఆడనే జాకీ పెట్టి మార్చినా. కంతలో పట్టకపోతే సుత్తితో కొట్టినా."

ఎర్రన్నకు కోపం రావలసింది, జాలి కలిగింది. తరతరాలుగా మెట్ట రైతు నేర్చుకున్న తెలివి అది. మడక ఎద్దు నడక మీద పోతుంది, బోల్టు తెగితే ఎద్దు ఆగుతుంది. జీపు ముప్పయి మైళ్ల వేగం మీద పోతుంది, బోల్టు తెగితే మనిషి పోతాడు. ఈ తేడా నారాయణకు తట్టలేదు. తట్టదని తెలిసినవాడే అతన్ని పిలిచి చెప్పాడు.

"ప్రయాణం లేదని చెప్పింది కూడా ఆయనేనా?"

నారాయణ తల ఊపాడు.

"పేరు చెప్పు."

"చెప్తే నేను ఊర్లో బతకలేనన్నా."

"చెప్పకపోతే జిలాన్ బాషా ఉరికంబమెక్కుతాడు. వాళ్లమ్మ గేటు కాడ కూర్చోనుండాది, పోయి ఆమెతోనే చెప్పు ఆ మాట."

నారాయణ గేటు వైపు చూశాడు. ముసలామె తలెత్తి ఇటే చూస్తోంది.

"శ్రీరంగప్ప," అన్నాడు.

* * *

"అబద్ధం," అన్నాడు సోమయాజులు గదిలోకి రాగానే తలుపు మూసి. "తన తప్పు పెద్దవాళ్ల మీదికి తోస్తున్నాడు. శ్రీరంగప్పగారు ఆ ఆఫీసర్ని బతికించిన మనిషి. ఓ డ్రైవరు మాట మీద ఆయన్ని పట్టుకుంటే పై అధికారులు నా ఉద్యోగం ఊడగొడతారు. ఏ కోర్టూ నమ్మదు."

"డ్రైవరు మాట వద్దు సార్. మీ స్టేషను డైరీనే చూద్దాం. జీపు పడిందని మీకు తొలుత ఎవరు చెప్పినారు?"

సోమయాజులు పుస్తకం తిరగేశాడు. "శ్రీరంగప్పగారి డిపో గుమాస్తా ఫోన్ చేశాడు. 'జిల్లేడు వంకలో బోర్ల ఆఫీసరు జీపు బోల్తా, బాషా బిగించిన ప్లేటు ఊడిపోయింది.' సమయం ఆరూ నలభై."

చదివిన తర్వాత వేలు ఆ అంకె మీదే ఆగిపోయింది.

"ఆరింటికి బయల్దేరిన జీపు ఇరవై రెండు మైళ్లు పోవాలంటే ముప్పావు గంట," అన్నాడు ఎర్రన్న మెల్లగా. "అంటే ఆరూ నలభై అయిదు. బస్సు డ్రైవరు చూసింది ఏడింటికి. వంక కాడ ఫోను లేదు. మరి అనంతపురం బజార్లో కూర్చున్న గుమాస్తాకు జీపు పడకముందే జీపు పడిందని ఎట్ల తెలిసె?"

"మా గడియారం ముందుంది. అప్పుడప్పుడూ పది నిమిషాలు ముందుకు పోతుంది."

"ముందుంటే ఇంకా మంచిది సార్. అప్పుడు ఫోను ఆరున్నరకే వచ్చినట్టు."

సోమయాజులు గోడ మీది గడియారం వైపు, తన చేతి గడియారం వైపు మార్చి మార్చి చూశాడు.

"ఆరూ ముప్పావు దాటినాక ఫోన్ చెయ్యమని ఉంటాడు యజమాని," అన్నాడు ఎర్రన్న. "గుమాస్తా తొందరపడినాడు. బాషా పేరు కూడా వాడే అందించె. బస్సు డ్రైవరు బండి కిందికి వంగి చూడలే, ప్లేటని గాని బాషా అని గాని అనలే. ఇంకొకటి అడుగుతా. ఆఫీసరుకు ఏమేం గాయాలు?"

"ఎడమ తొడ కోసుకుపోయింది, పైన బెల్టుతో బిగించి కట్టారు. తల వెనక పెద్ద దెబ్బ. ఆ దెబ్బతోనే తెలివి తప్పింది."

"బెల్టు కట్టింది ఎవరు?"

"శ్రీరంగప్పగారు కట్టుంటారు." అంటూనే సోమయాజులు వాంగ్మూలం వెతికి తీశాడు. ఒకసారి చదివాడు. రెండోసారి పైకి చదివాడు. "'నేను పోయేటప్పటికే బెల్టు కట్టి ఉండింది.' బస్సు డ్రైవరూ అదే చెప్పాడు. 'నేను దిగేటప్పటికే కట్టి ఉంది, మనిషికి తెలివి లేదు.'"

"అయితే ఎవరు కట్టినట్టు?"

సోమయాజులు తెలివితక్కువ మనిషి కాడు. ఒకసారి ఎక్కిన గుర్రం దిగడం ఇష్టం లేని మనిషి, అంతే. ఇప్పుడు దిగుతున్నాడు. ఎర్రన్నకు అది కనిపించింది.

"ఆయనే కట్టుకున్నాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్ గొంతు తగ్గించి. "జీపు పడ్డాక కూడా తెలివిగానే ఉన్నాడు. కూర్చుని బెల్టు తీసి కట్టుకున్నాడు. తల మీద దెబ్బ తర్వాత పడింది."

"పడలే సార్, కొట్టినారు. ఫర్లాంగు రాయి రోడ్డు నడుమ నాటి, గట్టు చాటున కాచుకోనుండి, మనిషి చావలేదని చూసి కొట్టినారు. బోరు తన మెట్టకు తిప్పుకోవాలని పటమున్న సంచి తీసుకున్నారు. ఇంకో దెబ్బ వేసేలోపల బస్సు వచ్చె. అప్పుడు మహానుభావుడు వ్యానేసుకోని ఎదురొచ్చె. కొట్టినోణ్ని ఆఫీసరు చూసే ఉంటాడు. ఆయన నోరు తెరిస్తే బాషా ఇంటికి పోతాడు. తెరవకపోతే మనం చెప్పిందంతా గాలికి పోతాది."

"ఆసుపత్రిలో కాపలా పెట్టాలి. ఇప్పుడే." సోమయాజులు ఫోను మీదికి వంగాడు. వంగినవాడు అలాగే ఆగిపోయాడు.

"ఏం సార్?"

"పొద్దున పదకొండింటికి శ్రీరంగప్పగారు వచ్చారు. ఇక్కడ వైద్యం సరిపోదు, తన ఖర్చుతో తన వ్యానులోనే బెంగళూరు తీసుకెళతానన్నారు. పోలీసుల అభ్యంతరం లేదని ఉత్తరం కావాలన్నారు." ఫోను మీది చెయ్యి తీసేశాడు. "సంతకం పెట్టి ఇచ్చాను."

ఎర్రన్న నోటికొచ్చిన మాట ఇన్‌స్పెక్టర్లతో అనదగింది కాదు. ఫోను తనే లాక్కుని ఆసుపత్రి అడిగాడు. తీసింది కాంపౌండరు. ఫోను ఇద్దరికీ వినబడేలా నడుమ పెట్టుకున్నారు.

"చెన్నకేశవులు సారా? తీసకపోయినారు సార్, ఒంటిగంటకు. ఇన్‌స్పెక్టర్ సారు చీటీ ఉండాది మా కాడ."

ఒంటిగంటా ఇరవై అయింది ఇప్పుడు.

"మనిషి ఎట్ల ఉండాడు?"

"మంచిగనే తేరుకుంటాండె సార్. పన్నెండున్నరకు తెలివొచ్చె. నీళ్లడిగినాడు. పక్కనే శ్రీరంగప్పగారు ఉండె. ఆయన్ను చూసి సారు గట్టిగా ఏమో చెప్పబోయినాడు, లేయబోయినాడు. ఆయన నోటికి చెయ్యి అడ్డం పెట్టి, అలసిపోతావు మాట్లాడొద్దప్పా అని పడుకోబెట్టె. అంతదాకా సాయంత్రానికి పోతామన్నోళ్లు, వెంటనే బండి తెప్పించినారు."

"వ్యానులో ఎవరెవరు?"

"సారు, శ్రీరంగప్పగారు, ఆయన మనుషులిద్దరు. నర్సును పంపుతామంటే వద్దన్నారు."

సోమయాజులు ఫోను చేతిలోకి తీసుకున్నాడు. "బెంగళూరు రోడ్డే కదా పట్టారు? చూశావా?"

"నేనే గేటు తీసింది సార్. ఎందుకో బెంగళూరు దోవ పట్టలే. కదిరి రోడ్డు మీద పోయినారు."

సోమయాజులు ఫోను పెట్టకుండానే బల్ల మీద వదిలేశాడు. గోడకున్న తాళాల గుత్తి లాక్కుని, సుంకప్పను పిలవకుండా, తనే పోయి కటకటాల తలుపు తెరిచాడు. లోపల జిలాన్ బాషా సగం తిన్న రొట్టె చేతిలో పట్టుకుని లేచి నిలబడ్డాడు, సంకెళ్లకు చేతులు చాపాడు.

"సంకెళ్లు కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "మా డ్రైవరు కదిరి రోడ్డు మీద ఇరవై మైళ్లకు మించి తోలలేడు. శ్రీరంగప్ప వ్యాను బయల్దేరి ఇరవై నిమిషాలయింది. వ్యానులో నీ ఆఫీసరు ఉన్నాడు, బతికే ఉన్నాడు. మా జీపు నువ్వు తోలతావా?"

బాషా ఎర్రన్న వైపు చూశాడు. ఎర్రన్న కొయ్య మీది చొక్కా అందుకుని అప్పటికే పరుగెత్తుతున్నాడు.

"కింద ప్లేటు ఉండాదా సార్ దానికి?" అని అడిగాడు బాషా, రొట్టె కిటికీలో పెడుతూ.

"లేదు."

"అయితే వంక కాడ రాళ్లు తప్పించి తోలాల," అని వాళ్ల వెంట ఆవరణలోకి ఉరికాడు.